వెనక బల్లల వాళ్ల రేడియో

మా బావ వ్యాను కొన్న ఏడాదే నాకు శ్రీకాకుళంలో ఆడపిల్లల బడిలో పంతులమ్మ ఉద్యోగం వచ్చింది. అరవైలు ముగియవస్తున్న రోజులు. మా కన్నవారి ఊరు సాలూరుకు అవతల కొండల కింద ఉండేది. అక్కణ్ణుంచి రోజూ రావడం కుదిరే పని కాదు. పట్నంలో గది తీసుకుని ఒక్కదాన్నీ ఉంటానంటే ఇంట్లో ఒప్పుకోలేదు. శ్రీకూర్మంలో మా అప్ప కాపురం ఉంది. అక్కను మా వైపు అప్ప అంటాం. ఆమె పెనిమిటికి వ్యాను ఉంది, ఆ వ్యాను రోజూ పొద్దున్న పట్నానికి వెళ్లి సాయంత్రం తిరిగొస్తుంది. ఇంక ఆలోచించడానికేముంది అన్నాడు మా నాన్న. ట్రంకు పెట్టె, పరుపుచుట్ట పట్టుకుని అప్ప ఇంటికి వచ్చేశాను.

బావ మాటలు తక్కువ మనిషి. సాలూరులో లారీల మీద క్లీనరుగా చేరి, డ్రైవరై, చాలా ఏళ్లు ఘాట్ రోడ్డు మీద తిరిగాడు. పెళ్లయ్యాక అప్ప పోరు పడలేక లారీ మానేసి, అక్కడే ఎవరో వదిలించుకోవాలనుకుంటున్న పాత వ్యాను కొన్నాడు. దాని కప్పు రేకు మార్పించి, బల్లలు వేయించి, నీలం రంగు కొట్టించాడు. ముందు డ్రైవరు పక్కన ఇద్దరు కూర్చోవచ్చు. వాళ్ల వెనక అడ్డంగా ఒక మెత్తటి సీటు. ఆ వెనక రెండు పక్కలా పొడుగాటి చెక్క బల్లలు, మధ్యలో గంపలు పెట్టుకునే జాగా, చివర రెండు రెక్కల తలుపు.

బావకు ఉన్న ఒకే ఒక్క సరదా రేడియో. విజయనగరంలో ఒక పాత కారును ముక్కలు చేసి అమ్ముతుంటే, అందులోని రేడియో కొనుక్కొచ్చి వ్యానులో బిగించుకున్నాడు. మీట నొక్కాక అది వేడెక్కి నోరు విప్పేసరికి వ్యాను ఊరు దాటేది. స్పీకరు ఒక్కటే, డ్రైవరు మోకాళ్లకు ఎదురుగా. ముందు కూర్చున్న ఇద్దరికీ బాగా వినిపించేది. మెత్తటి సీటు వాళ్లకు చెవి పెడితే వినిపించేది. వెనక బల్లల మీద వాళ్లకు ఇంజను రొద, రేకుల గలగల తప్ప ఇంకేమీ వినిపించేది కాదు.

వెనక బల్లలు చేపలమ్మే ఆడవాళ్లవి. అవి వాళ్లకే అని ఎవరూ రాసిపెట్టలేదు గానీ చేపల గంపలతో ముందుకు వస్తే మిగతావాళ్లు ముక్కు మూసుకుంటారు కాబట్టి వాళ్లే వెనక తలుపు తీసుకుని ఎక్కేవారు. బండి పొద్దున్నే సముద్రం ఒడ్డున పల్లెలో బయల్దేరేది. అక్కడ వాళ్లను ఎక్కించుకుని శ్రీకూర్మం వచ్చేది. అక్కడ నేను, ఒకరిద్దరు రైతులు, బియ్యం వర్తకుడు ఒకాయన ఎక్కేవాళ్లం. సాయంత్రం అందరం అదే వరసలో తిరిగి వచ్చేవాళ్లం. ఖాళీ గంపల్లో బియ్యం, కిరసనాయిలు సీసాలు, పిల్లలకు జీళ్లు పెట్టుకుని ఆ ఆడవాళ్లు గట్టిగా కబుర్లు చెప్పుకుంటూ ఉండేవారు. వాళ్లలో ఒక ముసలామె పెద్ద. మనిషి సన్నగా, నల్లగా, నిటారుగా ఉండేది. ఆమె గొంతెత్తితే మిగతావాళ్లు ఆగేవారు. ఆమె కొడుకులు, అల్లుడు అందరూ తెప్పల మీద వేటకు వెళ్లేవారే.

నేను మెత్తటి సీట్లో చివరన, వాళ్లకు దగ్గరగా కూర్చునేదాన్ని. కొత్తలోనే ఒక సాయంత్రం ఆ ముసలామె నా భుజం మీద తట్టి, రేడియోవాడు ఏం చెబుతున్నాడని అడిగింది. నేను విని, వెనక్కి తిరిగి చెప్పాను. మర్నాడు మళ్లీ అడిగింది. అలా అది నా పనైపోయింది. సాయంత్రం వార్తలయ్యాక సముద్రం మీదికి వెళ్లేవాళ్లకు వాతావరణం గురించి నాలుగు ముక్కలు చెప్పేవారు. వాళ్లకు కావలసింది అదే. పాటలు వస్తే అడిగేవారు కాదు. వార్తలు మొదలయ్యాయని నేను చెయ్యెత్తి చూపగానే వెనక కబుర్లు తగ్గేవి, ముసలామె వేలు నా భుజం మీద పడేది. "వాయుగుండం", "ఆగ్నేయ దిశ" లాంటి మాటలను నేను వాళ్లకు అర్థమయ్యేలా మార్చి చెప్పేదాన్ని. బడిలో పిల్లలకు చెప్పిన పాఠం కంటే ఈ పాఠం నాకు బాగా వచ్చేది. బావ అద్దంలోంచి చూసి నవ్వుకునేవాడు. ఇంటికొచ్చాక అప్పతో, నీ చెల్లెలికి రెండు ఉద్యోగాలు అనేవాడు.

ఆ ఏడు వానాకాలం నాకు జ్వరం వచ్చింది. మంచం దిగలేక బడికి సెలవు పెట్టాను. ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం, సముద్రం పోటు మీద ఉందనీ వేటకు వెళ్లొద్దనీ రేడియోలో చెప్పారు. ముందు కూర్చున్న బియ్యం వర్తకుడు విన్నాడు. బావ విన్నాడు. వెనకవాళ్లు తమ కబుర్లలో తాము ఉన్నారు. విన్నవాళ్లు వెనక్కి తిరిగి చెప్పలేదు. బావకు ఆ మాట చెవిన పడిందే తప్ప మనసుకు ఎక్కలేదట. దారిలో బురద, ఎదురుగా ఎడ్లబళ్లు, ఆయన గొడవ ఆయనది.

తెల్లవారకముందే మగవాళ్లు వేటకు వెళ్లిపోయారు. పొద్దు పొడిచేసరికే గాలి లేచింది. ఒడ్డున ఆడవాళ్లంతా ఇసకలో కూర్చుని చూస్తూ ఉండిపోయారు. పొద్దు వాలాక ఒక్కొక్క తెప్పే వచ్చి ఇసక మీద పడింది. మనుషులు అందరూ వచ్చారు. ముసలామె చిన్న కొడుకు మాత్రం వల వదిలేసుకుని, చెయ్యి బెణికి, అందరికంటే వెనక వచ్చాడు. ఆ రోజు వ్యాను పట్నానికి దాదాపు ఖాళీగా వెళ్లి ఖాళీగా వచ్చింది.

నాకు జ్వరం తగ్గి మళ్లీ బయల్దేరిన రోజు, వ్యాను మా వీధి చివర ఆగేసరికి ముసలామె వెనక బల్ల మీద లేదు. కిందకు దిగి బావ పక్క తలుపు దగ్గర నిలబడి ఉంది. వేటకెళ్లొద్దని రేడియోలో చెప్పారన్న సంగతి ముందు రోజు పట్నం బజార్లో ఎవరో అంటే ఆమెకు తెలిసిందట. గొంతు పెంచలేదు. వర్తకుడి వైపు ఒకసారి చూసి, బావతో అంది.

"ముందల కూకున్నోలకి సముద్రంతో పనేటి బాబూ? పన్నేనోలకి ఇనిపిత్తాది, పనున్నోలకి ఇనిపించదు. ఇదేటి రేడియో?"

ఆమె వెళ్లి వెనక ఎక్కింది. పట్నం చేరేవరకూ బావ రేడియో పెట్టలేదు. సాయంత్రం కూడా పెట్టలేదు. అన్నం తింటూ అప్పతో, ఆ మనిషి అన్నదాంట్లో తప్పేముంది అన్నాడు. అంతే. ఆదివారం పొద్దున్న వ్యాను కడిగి, మమ్మల్నిద్దర్నీ విజయనగరం వస్తారా అని అడిగాడు.

విజయనగరం అంటే అప్పకు చీరల కొట్లు, నాకు పుస్తకాల కొట్లు. ఆ రోజు మాకు రెండూ దక్కలేదు. బావ తిన్నగా గంటస్తంభం దాటి ఒక సందులోకి తిప్పాడు. అక్కడ ఒక రేడియో రిపేరు పెద్దాయన ఇంటి ముందరి అరుగునే కొట్టుగా చేసుకుని ఉండేవాడు. గోడ నిండా డొల్ల రేడియోలు, వాటి మధ్య ఆయన. బావ సంగతి చెప్పాడు. వెనక్కి కూడా వినిపించాలి, రెండు స్పీకర్లు కావాలి అన్నాడు. ఆయన వ్యాను ఎక్కి రేడియో మూత విప్పి చూసి, తల ఊపి కిందకు దిగాడు. ఈ సెట్టు ఒక్క స్పీకరును మోయడానికి చేసింది, ఇష్టమొచ్చినట్టు ఇంకో రెండు తగిలిస్తే కాలిపోతుంది, కలపాల్సిన పద్ధతిలో కలపాలి అని, నేల మీద సుద్దముక్కతో గీత గీసి మరీ చూపించాడు. గీత బావకు ఎంత అర్థమైందో నాకు తెలియదు. నాకైతే అర్థం కాలేదు. కానీ ఆయన చెప్పిన ఇంకో మాట అర్థమైంది. ఉన్న గొంతు ఒక్కటే, దాన్ని ముగ్గురికి పంచితే ముందున్నవాడికి తగ్గుతుంది అన్నాడు.

"తగ్గితే తగ్గనీండి," అన్నాడు బావ.

ఆ పెద్దాయన ఆయన్ని ఒక్క క్షణం చూసి, లోపలికి వెళ్లి రెండు గుండ్రటి స్పీకర్లు తెచ్చాడు. ఏదో హాలులోంచి తీసేసినవట. వాటితో పాటు తీగ చుట్టిన గుండ్రటి సామాను ఒకటి, దానికి నల్లటి పిడి. ఈ పిడిని ఒక వైపు తిప్పితే గొంతు ముందుకు పోతుంది, రెండో వైపు తిప్పితే వెనక్కి పోతుంది, మధ్యలో ఉంచితే అందరికీ అన్నాడు. మధ్యాహ్నం వాళ్లింట్లోనే భోజనం పెట్టారు. ఆయన భార్య మమ్మల్ని లోపల కూర్చోబెట్టి, ఆ అరుగు మీద సామాను ఎప్పటికి ఖాళీ అవుతుందో తెలియక తను పడుతున్న బాధంతా చెప్పింది. బయట మగవాళ్లిద్దరూ వ్యానులో దూరి తీగలు లాగుతూ ఉన్నారు.

స్పీకర్లకు చెక్క పెట్టెలు మాత్రం ఇంటి దగ్గరే చేయించాడు బావ. శ్రీకూర్మంలో వడ్రంగి రెండు పెట్టెలు చేసి, ముందు గుండ్రంగా కోసి ఇచ్చాడు. ఆ గుండ్రానికి ముసుగు కావాలి కదా. అప్ప పెట్టె వెతికి, పల్చటి గళ్ల గుడ్డ తీసింది. నేను కత్తిరించి, లాగి, చిన్న చిన్న మేకులు కొట్టాను. మా ఇద్దరి పని చూసి బావ, రేడియోకు రవిక కుట్టారు అన్నాడు. ఆయన వేళాకోళం ఆడడం చాలా అరుదు, అందుకే ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తు. పెట్టెలు రెండూ వెనక బల్లల కిందే, తలుపుకు అటొకటి ఇటొకటి బిగించాడు. కనబడకుండా ఉంటాయి, ఎవరి కాలికీ తగలవు అనుకున్నాడు.

ఆ తర్వాతి సోమవారం పొద్దున్న పల్లె నుంచి వచ్చిన వ్యాను మా వీధిలో ఆగినప్పుడు, వెనక తలుపులోంచి వార్తలు వినిపిస్తున్నాయి. లోపల ఆడవాళ్లు ఒక్కరూ మాట్లాడడం లేదు. ముసలామె బల్ల కిందికి వంగి, గళ్ల గుడ్డను చేత్తో తడిమి చూస్తోంది. నేను ఎక్కి కూర్చున్నాక నా భుజం తట్టింది.

"మా కాళ్ల కాడ మనిసి కూకుని సెప్తన్నట్టుగున్నాది పంతులమ్మా," అంది.

ఆ ముచ్చట వారం కూడా నిలవలేదు. మొదట గతుకు వచ్చినప్పుడల్లా మాట తెగడం మొదలుపెట్టింది. "రేపు సముద్రం" అని ఆగి, మళ్లీ "ఉండవచ్చు" అనేది. ఆ మధ్యలో ఏముందో తెలియక ఆడవాళ్లు గింజుకునేవారు. బావ కింద పడుకుని వెతికితే, బల్ల కాలి కింద తీగ నలిగి, పై తొడుగు పోయి, లోపలి రాగి తీగ బండి రేకుకు తగులుతోంది. అది బాగు చేసేసరికి ఇంకో ఆపద. గంపల్లోంచి చేపల నీళ్లు కారి పెట్టెల్లోకి దిగాయి. స్పీకరు లోపలిది నల్లటి కాగితం కదా, అది నాని, చిరిగి, లోపలున్న మనిషికి జలుబు చేసినట్టు మాట్లాడసాగింది. బియ్యం వర్తకుడు ఇదే సందు అనుకుని, ఈ తలనొప్పి ఎందుకు, తీసి పారెయ్యండి అన్నాడు. ముందు రేడియో గొంతు తగ్గిపోయిందని ఆయనకు మొదటి రోజు నుంచీ కోపమే.

ముసలామె కూడా తీసెయ్యమంది. తీసి పైన పెట్టమంది.

"సెవులు నెత్తిన ఉన్నాయి గానీ కాళ్లకు ఉన్నాయేటి బాబూ?" అంది.

ఆదివారం మళ్లీ పని. స్పీకర్లు విప్పి ఎండలో ఆరబెట్టాం. చిరిగిన చోట పిల్లలు గాలిపటాలకు వాడే పల్చటి కాగితం ముక్కలు బంకతో అతికించాం నేనూ అప్పా. ఊపిరి బిగబట్టి చేసిన పని అది. గట్టిగా నొక్కితే ఇంకా చిరిగేది. పెట్టెలను ఈసారి కప్పుకు దగ్గరగా, తలుపుకు ఇరువైపులా మూలల్లో బిగించాడు బావ. తీగను కూడా నేల మీద నుంచి తీసేసి, కప్పు వెంట సన్నటి చెక్కపట్టీ కొట్టించి దాని కింద నడిపాడు. ఆ తర్వాత ఆ స్పీకర్లు ఎప్పుడూ మొరాయించలేదు. అతుకులున్న దాంట్లో మాత్రం కొన్ని అక్షరాలు కొంచెం బొంగురుగా పలికేవి. వినేవాళ్లకు అది అలవాటైపోయింది.

ఇక పిడి గొడవ. ఆ నల్ల పిడిని బావ రేడియో పక్కనే బిగించాడు. బియ్యం వర్తకుడు ముందు సీట్లో కూర్చోగానే దాన్ని తన వైపు తిప్పేసేవాడు. వెనక మాట ఆగిపోయేది. వెనకనుంచి కేకలు వచ్చేవి. బావ మధ్యకు తిప్పేవాడు. కాసేపటికి ఆయన మళ్లీ తిప్పేవాడు. బండి నడుపుతూ ఎన్నిసార్లని చూస్తాడు బావ? ఒకసారి ఆయన, మేము ముందు కూర్చునేది ఎందుకయ్యా, వెనకవాళ్లకు వినిపించిందే మాకూ వినిపిస్తే ముందు సీటు గొప్పేముంది అన్నాడు. పరాచికానికే అన్నాడు గానీ, మనసులో మాటే అన్నాడు.

బావ ఆయనతో తగువు పెట్టుకోలేదు. అది ఆయన పద్ధతి కాదు. తర్వాతి ఆదివారం పిడిని విప్పి, తీగలు పొడిగించి, వెనక తలుపు పక్కన ముసలామె ఆనుకుని కూర్చునే స్తంభానికి బిగించాడు. సోమవారం వర్తకుడు ఎక్కి, చెయ్యి చాపి, పిడి ఉండాల్సిన చోట రెండు బెజ్జాలు చూసి, బావ ముఖం చూశాడు. బావ గేరు వేశాడు. వెనక ముసలామె పిడి మీద చెయ్యి వేసుకుని కూర్చుంది. ఆమె దాన్ని పూర్తిగా తన వైపు తిప్పుకుంటుందనే నేను అనుకున్నాను. తిప్పుకోలేదు. మధ్యలో ఉంచి, గొంతు పెంచి, "బాబూ, మీకు ఇనబడతన్నాదా?" అని ముందుకు అడిగింది. వర్తకుడు ముందుకే చూస్తూ, వినబడుతోందన్నాడు. ఆ తర్వాత రోజూ ఆమె అడిగేది, ఆయన చెప్పేవాడు. కొన్నాళ్లకు ఆయన తన కిరసనాయిలు సీసా కూడా ఆమె గంపలో పెట్టుకుని తెమ్మనేంత చనువు వచ్చింది.

నా రెండో ఉద్యోగం పోయిందనుకున్నాను. పోలేదు. వాళ్లకు మాట వినబడేది గానీ, రేడియో భాష బడి భాష. చెప్పడం అయిపోగానే ముసలామె, "ఏటన్నాడు? ఎల్లమన్నాడా, వద్దన్నాడా?" అని అడిగేది. ఇప్పుడు తేడా ఏమిటంటే, నేను చెప్పింది సరిగా ఉందో లేదో వాళ్లూ విని పోల్చుకునేవారు. ఒకరోజు నేను పొరపాటున తూర్పు గాలికి బదులు ఇంకోటి చెబితే వెనకనుంచి ఒక పడుచుపిల్ల సరిదిద్దింది. అందరం నవ్వుకున్నాం.

చలి మొదలయ్యే ముందు ఒక సాయంత్రం, తుఫాను వస్తోందనీ తీరం వెంట ఎవరూ వేటకు వెళ్లరాదనీ రేడియో చెప్పింది. ఆ మాట రాగానే ముసలామె పిడిని పూర్తిగా వెనక్కి తిప్పేసింది. ముందున్నవాళ్లు కూడా మెడలు తిప్పి వెనక్కే విన్నారు. శ్రీకూర్మం వచ్చింది. నేను దిగలేదు. బావ కూడా దిగమనలేదు. అప్ప అరుగు మీద నిలబడి చూస్తుండగా వ్యాను పల్లె వైపు సాగిపోయింది. సరుగుడు తోట దాటి ఇసక దారిలో ఆగగానే ఆడవాళ్లు గంపలు కూడా దింపుకోకుండా ఇళ్లకు పరుగెత్తారు. మగవాళ్లు బయటికి వచ్చారు. ముసలామె చిన్న కొడుకు నమ్మలేదు. ఆకాశం చూడు ఎలా ఉందో అన్నాడు. నిజమే, ఆకాశం తేటగా ఉంది. ఆమె అతని చెయ్యి పట్టుకుని, ఈ చెయ్యి బాగై ఎన్నాళ్లయింది అని అడిగింది. అతను తెప్ప వైపు నడిచాడు. తెప్పలు పైకి లాగి కట్టేశారు. నేనూ ఒక తాడు పట్టుకుని లాగాను. బావ కూడా లాగాడు.

తుఫాను రాలేదు. మర్నాడు ఎండ కాసింది. ఆ మర్నాడు కొంచెం గాలి వీచి ఊరుకుంది. పైకి, ఒడిశా వైపు తిరిగిపోయిందని తర్వాత రేడియోనే చెప్పింది. వేట లేక పల్లెలో పొయ్యి వెలగని ఇళ్లున్నాయి. మగవాళ్లు ముసలామెను ఆటపట్టించారు. నీ స్పీకరు మావ ఏటన్నాడే, ఇయ్యాల ఎల్లమన్నాడా అని, దారిన పోతుంటే అడిగేవారట. ఆ అవమానం ఆమెకు బాగా తగిలింది. గంప ఎత్తుకుని వ్యాను ఎక్కి, ఎవరితోనూ మాట్లాడకుండా పిడిని పూర్తిగా ముందుకు తిప్పేసింది. వెనక స్పీకర్లు మూగబోయాయి. మిగతావాళ్లు ఒకరినొకరు చూసుకున్నారు గానీ ఆమెకు ఎదురు చెప్పే ధైర్యం ఎవరికీ లేదు. కొన్నాళ్లు అలాగే నడిచింది. నేను వెనక్కి తిరిగి చెప్పబోతే, "మాకొద్దమ్మా," అనేది.

బావ ఆ పిడిని ముట్టుకోలేదు. ముట్టుకుంటే బాగుండునని నేను ఇంట్లో అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. అది ఆమె చేతికి ఇచ్చాను, ఆమే తిప్పాలి అన్నాడు.

ఒక సాయంత్రం బడిలో మీటింగు ఉండి నాకు ఆలస్యమైంది. నా కోసం ఆగినందువల్ల వ్యాను కూడా ఆలస్యంగా బయల్దేరింది. అలవాటు ప్రకారం నేను మా వీధిలో దిగాలి. పల్లెలో ఎవరికో చీటీ ఇవ్వాల్సిన పని ఉండి నేనూ చివరి వరకూ వెళ్లాను. వ్యాను ఇసకలో ఆగేసరికి ఇంకా కాస్త వెలుతురు మిగిలి ఉంది. ముసలామె చిన్న కొడుకు వచ్చి తల్లి గంప అందుకున్నాడు. అందుకుని వెళ్లిపోకుండా అక్కడే నిలబడ్డాడు. ముందు రేడియోలో వార్తలు సన్నగా వినబడుతున్నాయి. అతను తల్లి వైపు చూడకుండా, బావను అడిగినట్టుగా అడిగాడు.

"రేపేటన్నాడు బాబూ? ఇంకా సెప్పనేదేటి?"

బావ వెనక్కి, పిడి ఉన్న వైపు చూశాడు. ముసలామె కొడుకును చూసింది. మొన్నటిదాకా నవ్వినోడివి కాదా నువ్వు అన్నట్టు చూసింది. అతను నేల చూశాడు. అప్పుడు మెల్లగా అన్నాడు, "రాకపోతే మంచిదే కదే అమ్మా. వచ్చినప్పుడు తెలవకపోతేనే కదా సిక్కు."

ఆమె బండిలోకి వంగి పిడి తిప్పింది. తలుపు రెండు రెక్కలూ తెరిచి ఉన్నాయి. రెండు మూలల స్పీకర్లూ ఇసక మీదికి, ఇళ్ల దాకా వినబడేలా మాట్లాడాయి. వలలు బాగు చేసుకుంటున్నవాళ్లు తలలెత్తారు. ఒక్కొక్కరే లేచి వచ్చి వ్యాను వెనక నిలబడ్డారు. వాతావరణం చెప్పడం అయ్యాక అందరూ నా వైపు చూశారు. గాలి మామూలుగా ఉంటుందట, వెళ్లొచ్చట అని చెప్పాను. ఒకాయన, వాడికేం తెలుసు అన్నాడు గానీ, కదలకుండా తర్వాత వచ్చిన రైతుల కార్యక్రమం కూడా నిలబడి విన్నాడు.

ఆ రోజు నుంచి అది ఒక ఆనవాయితీ అయిపోయింది. బావ ఆ సమయానికి పల్లె చేరేలా బండి నడిపేవాడు. చేరాక ఇంజను ఆపి, తలుపులు తెరిచి, చుట్ట వెలిగించుకుని తాటిదుంగ మీద కూర్చునేవాడు. రేడియో అలా నడిస్తే బ్యాటరీ దిగిపోతుంది. అలాంటి రోజున పది మంది మగవాళ్లు వ్యానును ఇసకలోంచి గట్టి దారి దాకా తోసి స్టార్టు చేయించేవారు. దాన్ని వాళ్లు కష్టంగా అనుకోలేదు. వాళ్లకు కావలసిన నాలుగు ముక్కలు అయ్యాక పాటలు వచ్చేవి. మొదట్లో వెళ్లిపోయేవారు, తర్వాత తర్వాత కూర్చోవడం మొదలుపెట్టారు. సెలవు రోజుల్లో మా అప్ప కూడా నాతో వచ్చి ఆ ఆడవాళ్ల మధ్య కూర్చునేది. వాళ్లు ఆమెకు చేపల పులుసులో చింతకాయ ఎప్పుడు వెయ్యాలో చెప్పేవారు. మా ఇంట్లో కూర రుచి మారింది ఆ రోజుల్లోనే.

మరో వానాకాలంలో నిజంగానే పెద్ద గాలివాన వచ్చింది. ముందు రోజు సాయంత్రమే తెప్పలు పైకి లాగేశారు. ఆ సాయంత్రం ఎవరూ ఎవరితోనూ వాదించలేదని బావ చెప్పాడు. మా వీధిలో రేకులు లేచిపోయాయి, తాటిచెట్లు కూలాయి, పల్లెలో ఇళ్లు కొన్ని పడిపోయాయి. మనుషులు మిగిలారు. నాకు అప్పటికి విజయనగరం సంబంధం కుదిరింది. ఆ గందరగోళంలోనే పెళ్లి జరిగింది.

పెళ్లయ్యాక మొదటిసారి అప్ప ఇంటికి వచ్చినప్పుడు మా ఆయన్ని వెంటబెట్టుకుని వ్యానులోనే వచ్చాను. ముందు సీటు ఖాళీగా ఉందని బావ మమ్మల్ని అక్కడ కూర్చోమన్నాడు. నాకు అక్కడ ఏదోలా అనిపించింది. ఆయన్ని ముందు కూర్చోబెట్టి నేను వెనక్కి వెళ్లి చెక్కబల్ల మీద ముసలామె పక్కన కూర్చున్నాను. ఆమె నా ముఖం, మెడ, చేతులు అన్నీ తేరిపార చూసింది. మొగుడు ఏం చేస్తాడని అడిగింది. కాలేజీలో గుమాస్తా అన్నాను. ఏటి తింటాడని అడిగింది. అన్నీ తింటాడన్నాను. అయితే మంచోడే అని, గంపలో అడుగున ఆకు కింద దాచిన రెండు చందువ చేపలు తీసి నా ఒళ్లో పెట్టింది. పట్టుచీర తడిసిపోయింది. అప్ప ఆ మరకను వదిలించలేక చాలా రోజులు తిట్టుకుంది.